కల్వర్టు అవతల

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజను మీద ఆనించి, దాని కొయ్య పిడిని చెవికి పెట్టుకుని, అయ్యసామి కళ్లు మూసుకున్నాడు. ఆ పిడి రంగు ఎప్పుడో పోయింది. చెవి తగిలే చోట మాత్రం నున్నగా మెరుస్తూ ఉంటుంది. వాల్వుల దగ్గర విన్నాడు, చైను దగ్గర విన్నాడు, నీళ్ల పంపు దగ్గర విన్నాడు. ఎక్కడా అపశ్రుతి లేదు. అదే అతని బాధ. రోగమున్న బండి ఇంత హాయిగా కబుర్లు చెబుతుంటే ఏ మెకానిక్కు మాత్రం ఏం చేస్తాడు?

పీళమేడు వెనక సందులో, రేకుల కప్పు కింద, పొన్నుసామి నాయుడుగారి తెల్ల అంబాసిడర్ ఉదయపు ఎండలో గురక పెడుతున్నట్టు నడుస్తోంది. అయ్యసామి మీసం రాకముందు ఈ షెడ్డులో చేరాడు, ఇప్పుడా మీసం పూర్తిగా తెల్లబడింది. ఇన్నేళ్లలో ఈ కారు ఇంజను ఎన్నిసార్లు దించి ఎక్కించాడో అతనికే గుర్తు లేదు. పెద్దాయన పోయిన ఏడు ఆషాఢపు గాలుల వేళ, ఆడి నెలలో కన్నుమూశారు. బండికి ఈ జబ్బు పట్టుకున్నది ఆ తరవాతనే. ఊళ్లో బాగానే తిరుగుతుంది. పెద్దాయన భార్య చెల్లమ్మాళ్ పళనికి బయలుదేరితే మాత్రం, ఉడుమలై దాటాక వచ్చే ఎత్తు రోడ్డు, ఆ పొడుగాటి మేడు, సగం ఎక్కి, ఊపిరి తీసినట్టు ఆగిపోతుంది. కాసేపు నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మళ్లీ ఎక్కిస్తే మళ్లీ అక్కడే ఆగుతుంది. చేసేదేమీ లేక వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేస్తారు.

అయ్యసామి కాయిలు మార్చాడు, కండెన్సరు మార్చాడు, కార్బురేటరు విప్పి ముక్కముక్కా కడిగాడు, పెట్రోలు పంపుకు కొత్త తోలు వేశాడు. వేసిన ప్రతిసారీ, తన అలవాటు చొప్పున, సందు చివరి కల్వర్టు దాకా నడిపి చూసి తిప్పుకొచ్చాడు. నలభై ఏళ్లుగా అతని ప్రయాణాలన్నీ ఆ కల్వర్టు దాకానే. అతని భార్య రాసాత్తి బతికున్న రోజుల్లో దీని మీద అతన్ని ఏడిపించేది. "నువ్వు రిపేరు చేసిన వండ్లు ఊటీ పోతాయి, పళని పోతాయి, రామేశ్వరం పోతాయి. నువ్వు మటుకు మోరీ కాడికి పోయి నమస్కారం పెట్టి వస్తావు," అనేది. పని కాస్త తగ్గాక ఇద్దరం పళని పోదామని అతను అంటూనే ఉన్నాడు. పని తగ్గే లోపల రాసాత్తే వెళ్లిపోయింది.

స్క్రూడ్రైవరు దించి లేవబోతే రొమ్ములో పట్టేసింది. ఈ మధ్య అంతే. షెడ్డు గట్టు ఎక్కినా, బావిలోంచి బిందెడు నీళ్లు తోడినా, ఎవరో లోపల చెయ్యి పెట్టి పిండినట్టు ఉంటుంది. కాసేపు కూర్చుంటే పోతుంది. అతను టైరు మీద కూర్చున్నాడు. పోయింది.

వీధిలో ఆటో ఆగింది. చెల్లమ్మాళ్, ఆవిడ కొడుకు కృష్ణరాజ్ దిగారు. డెబ్బై దాటిన మనిషి, చేతికర్ర, ఆకుపచ్చ నూలుచీర, భుజాన సంచీ. కృష్ణరాజ్ మోటారు పంపుల ఫౌండ్రీ నడుపుతాడు. చెడ్డవాడు కాడు, తీరిక లేనివాడు.

"అన్నా, నేను పాత ఇనుము వాళ్లకి చెప్పేసినా. రేపు పొద్దున వచ్చి వండి తోలుకోని పోతారు," అన్నాడు. "పోయిన తూరి అమ్మ నడి ఎండలో రోడ్డు ఓరం కూచుండిపోయింది. ఎవరో లారీవాడు నీళ్లిచ్చినాడంట. ఇంక నా వల్ల కాదన్నా. కొత్త కారు ఉండాది, అందులో పళని కాదు, కాశీకైనా అనుపుతా. ఆమె వినదు."

"మీ నాయన వండిలో పోయి మొక్కు తీర్చాలని మొక్కుకున్నా. వేరే వండిలో ఎట్ల పోతాను?" అంది చెల్లమ్మాళ్, కొడుకుతో కాదు, కారుతో చెబుతున్నట్టు. తరవాత అయ్యసామి వైపు తిరిగి గొంతు తగ్గించింది. "వండికి ఏమీ లే అప్పా. పళని సామి నన్ను రావద్దంటాడు. కడసీ రోజుల్లో మా ఆయన్ని సరిగ్గా చూసుకోలేదేమో నేను. అందుకే వాకిలి దాకా పిలిచి తిప్పి అనుపుతా ఉండాడు."

ఆ మాట అయ్యసామికి ముల్లులా దిగింది. తన చేతకానితనం ఒక ముసలి మనిషి నెత్తిన పాపమై కూర్చుందన్నమాట. బండిలో లోపం దొరకలేదు కాబట్టి ఆమె తనలో వెతుక్కుంటోంది. ఇనుము వాళ్లు రేపు వచ్చి బండిని తీసుకుపోతే ఆమె ఆ మాటే నమ్ముకుని మిగతా రోజులు గడుపుతుంది.

"సామి అట్లంతా అనడమ్మా," అన్నాడు. "తప్పు వండిలోనే ఉండాది. నాకు దొరకలే, అంతే. ఊళ్లో ఎంత చూసినా అది దొరకదు. అది యాడ నిలుస్తాదో ఆడికి పోయి చూడాల. కూచోండి, ఈ పొద్దు నేను తోలతాను."

కృష్ణరాజ్ తల్లిని చూశాడు, అతన్ని చూశాడు, ఫౌండ్రీకి పోవడానికి వచ్చిన ఆటోనే మళ్లీ ఎక్కాడు. అయ్యసామి తన తలగుడ్డ తీసి వెనక సీటు తుడిచాడు. చెల్లమ్మాళ్ కూర్చుంది. పనిముట్ల సంచీ, రబ్బరు గొట్టం, ఒక క్యాను పెట్రోలు డిక్కీలో పెట్టాడు. స్క్రూడ్రైవరును మాత్రం ముందు సీటు మీద, తన పక్కన పెట్టుకున్నాడు.

కల్వర్టు వచ్చింది. చేతులు వాటంతట అవే స్టీరింగు తిప్పబోయాయి. అయ్యసామి నవ్వుకుని, బ్రేకు మీదనుంచి కాలు తీసి, నేరుగా పోనిచ్చాడు.

పొల్లాచ్చి దాటేసరికి ఆడి గాలి మొదలైంది. కనుమలోంచి పడమటి గాలి చల్లగా, తడితడిగా వచ్చి కొబ్బరి తోటలన్నిటినీ ఒకే వైపుకి దువ్వుతోంది. రోడ్డు మీద చినుకో మంచో తెలియని తుంపర పడి, పడగానే ఆరిపోతోంది. దూరాన ఆనమలై కొండలు ఉన్నట్టూ లేనట్టూ కనిపిస్తున్నాయి. ఇన్ని కార్లను బాగుచేసిన మనిషి, కార్లు పోయే దారి ఇలా ఉంటుందని ఇప్పుడే చూస్తున్నాడు. స్టీరింగు మీద చేతులున్నాయన్న సంగతి కూడా అప్పుడప్పుడూ మరిచిపోతున్నాడు. ఇంజను అదే లాలిపాట పాడుతోంది. వెనక చెల్లమ్మాళ్ పెదవులు కదుపుతూ ఏదో జపం చేస్తోంది. అద్దంలో ఆమె వెనక నుంచి రోడ్డు నెమ్మదిగా దూరం జరిగిపోతోంది.

ఉడుమలై దగ్గర గాలిమరలు వచ్చాయి. ఎటు చూసినా తెల్లటి పొడుగాటి స్తంభాలు, వాటి రెక్కలు తొందరేమీ లేనట్టు తిరుగుతున్నాయి. రాసాత్తికి ఇవి చూపిస్తే నోరు తెరుచుకుని చూసేది. ఆమె పక్కన కూర్చుని ఉన్నట్టే అనిపించి, అయ్యసామి పక్క సీటు వైపు చూశాడు. స్క్రూడ్రైవరు ఉంది.

"మేడు వస్తాది," అంది చెల్లమ్మాళ్. ఆమె చేతికర్రను రెండు చేతులతో పట్టుకుంది.

రోడ్డు లేవడం మొదలైంది. అయ్యసామి మూడో గేరులో వేసి, కిటికీ అద్దం దించి, చెవి బయటికి పెట్టాడు. సగం దాకా లాలిపాట. తరవాత ఒక చిన్న దగ్గు. ఇంకో దగ్గు. అంతే, బండి ఊపిరి బిగబట్టి నిలిచిపోయింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

అద్దంలో చూస్తే చెల్లమ్మాళ్ కళ్లు తుడుచుకుంటోంది.

అయ్యసామికి మాత్రం లోపల దీపం పెట్టినట్టయింది. ఇన్నాళ్లూ ఈ జబ్బును మనుషులు చెబితే విన్నాడు, ఇప్పుడు ఎదురుగా చూస్తున్నాడు. దిగి, చక్రాల వెనక రాళ్లు పెట్టి, బానెట్టు ఎత్తాడు. పెట్రోలు పంపు మీది గాజు గిన్నె ఖాళీగా ఉంది. అందులో ఎప్పుడూ పెట్రోలు నిండుగా ఉండాలి. అంటే మంట తప్పు కాదు, గాలి తప్పు కాదు. టాంకిలోంచి పెట్రోలే రావడం లేదు. చిన్నచిన్న వంతెనలైతే కార్బురేటరులో మిగిలిన దానితోనే దాటేస్తుంది. పొడుగాటి మేడు కాబట్టి ఇక్కడ దొరికిపోతోంది. ఇంత చిన్న సంగతి కల్వర్టు దాకా నడిపి చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

పంపు దగ్గర గొట్టం ఊడదీసి, టాంకి వైపు పోయే కొసను నోట్లో పెట్టుకున్నాడు. "అమ్మా, వెనక ఏమన్నా చప్పుడు వస్తాదేమో వినండి," అని, బలమంతా పెట్టి ఊదాడు. మొదట ఏదో అడ్డుపడింది. ఇంకా గట్టిగా ఊదితే తప్పుకుంది.

"గుడగుడమంటాది అప్పా, ఎసురు మరిగినట్ల," అంది చెల్లమ్మాళ్.

గొట్టం కిందికి దించగానే పెట్రోలు ధారగా వచ్చింది. కాస్త అతని నోట్లో కూడా పడింది. ఉమ్మేసి, గట్టు మీద కూలబడ్డాడు. రొమ్ములో ఆ చెయ్యి మళ్లీ పిండింది, ఈసారి ఎడమ భుజం దాకా. పెట్రోలు మింగినందుకేలే అనుకున్నాడు. కూర్చుంటే కాస్త తగ్గింది.

టాంకిలో ఏదో ఉంది. బండి నేల మీద పోయేటప్పుడు అది ఓ మూలన పడి ఉంటుంది. మేడెక్కితే వెనక్కి జారి గొట్టం మూతికి అంటుకుంటుంది. ఇంజను ఆగితే పీల్చడం ఆగుతుంది, అదీ వదిలేస్తుంది. అందుకే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. అయ్యసామికి ఆనందంతో నవ్వొచ్చింది.

"అమ్మా, టాంకిలో ఎవరన్నా ఏమన్నా వేసినారా?"

చెల్లమ్మాళ్ కారు దిగి, కర్ర ఊనుకుంటూ వచ్చి, డిక్కీ పక్కన నిలబడింది.

"మా పుట్టింట్లో, అన్నూరులో, ఒగ పద్ధతి ఉండాది అప్పా," అంది. "ఇంటి యజమాని పోతే, ఎద్దులు కూడా దుక్కంలో ఉంటాయంటారు. మళ్లీ కాడి కట్టే ముందర ఇంటి ఆడది వాటి చెవిలో చెప్పాల, అయ్య పోయినాడు, ఇంక నేనే ఉండాను అని. చెప్పి, పళని విబూది, తిరునీరు, కలిపి ఒగ ముద్ద పెట్టాల. అప్పుడే దా అవి అడుగు తీస్తాయి. మా అమ్మ చేసింది, మా అవ్వ చేసింది. మనింట్లో ఎద్దులు యాడుండాయి? ఆయనకి ఎద్దంటే ఇదే దా." ఆవిడ కారు మీద చెయ్యి వేసింది. "ఇందులో మెతుకులు వేస్తే పాడైపోతాదని నాకు తెలుసు. అందుకే పసుపు కొమ్ము, చిటికెడు తిరునీరు, అంతే. అదీ పెట్రోల్లో కలవకూడదని పసుపు గుడ్డలో గట్టిగా ముడి వేసి వేసినా. నా జాగ్రత్త నేను చూసుకున్నా అప్పా."

అయ్యసామి డిక్కీ అడుగున ఉన్న పెట్రోలు గేజి మూత విప్పాడు. తీగ వంచి కొక్కెంలా చేసి, టాంకిలోకి దించి, పిల్లవాడు చెరువులో గాలం వేసినంత ఓపికగా తడిమాడు. తగిలింది, జారింది. మళ్లీ తగిలింది. మెల్లగా పైకి వచ్చింది. రంగు వెలిసిన ఒక చిన్న పసుపు మూట. ముడి ఇంకా ఊడలేదు. దాన్ని నేల మీద పెట్టబుద్ధి కాక, అరచేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

చెల్లమ్మాళ్ దాన్ని చూస్తూ ఉండిపోయింది. "అయితే," అంది, "సామి నన్ను వద్దనలేదా?"

"యాడ వద్దన్నాడు? మీరు పెట్టిన ముద్దే దాని గొంతులో అడ్డం పడింది."

చెల్లమ్మాళ్ మొదట నమ్మనట్టు చూసింది. తరవాత నవ్వింది. కర్ర జారి కింద పడేంతగా నవ్వింది. పెద్దాయన పోయాక ఆమె నవ్వడం ఇదే మొదలు. నవ్వుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే కారు మీద మెల్లగా చరిచి, "చెప్పకూడదూ, పిచ్చిదానా," అంది.

అయ్యసామి ముడి విప్పి, తడిసి ముద్దయిన తిరునీరు, పసుపు కొమ్ము ఆమె చేతిలో పెట్టాడు. గుడ్డను పిండి, గాలికి ఆరుతుందని పక్క అద్దానికి కట్టాడు. గొట్టాలు బిగించి కూర్చుని తాళం తిప్పాడు. బండి లేచింది. మేడు మధ్యలోంచి, ఏ ఊపూ లేకుండా, బరువైన ఎద్దు నింపాదిగా గట్టెక్కినట్టు ఎక్కింది. దగ్గు రాలేదు. కొస దాకా పోయాక రోడ్డు అవతలికి వాలింది. ఆ వాలు చివర, పొలాలకు ఆవల, పళని కొండ నీలంగా కనిపించింది.

చెల్లమ్మాళ్ సంచీలోంచి ఫోను తీసింది. "కృష్ణా, మేడెక్కేసింది. ఆ ఇనుము వాళ్లని రావద్దని చెప్పు. వండి ఇంటికే వస్తాది," అని, అవతలి మాట వినకుండానే పెట్టేసింది. "ఏమప్పా, ఇంత గాలిలో చెమటలేంది నీకు?"

"పెట్రోలు పోయింది లోపలికి. సరిపోతాది."

అతనికి సంతోషంగానే ఉంది. ఇంత సంతోషం ఎప్పుడు కలిగిందో గుర్తుకు రాలేదు. దానితో పాటే పిండడమూ ఉంది. ఈసారి కూర్చునే ఉన్నాడు కదా, మరి ఎందుకు పోవడం లేదో అనుకున్నాడు. మనిషికి ఇలాంటి స్క్రూడ్రైవరు పెట్టి వినేవాళ్లు ఉంటారని, ఊళ్లో పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారని అతనికి తెలియకపోలేదు. తీరిక చేసుకుని పోవాలి.

కొండ కింద, వేపచెట్టు నీడలో బండి ఆపాడు. కావళ్లు మోసే జనం, పూసల దుకాణాలు, ఎక్కడో నాదస్వరం. ఆ గోలంతా నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు మెత్తగా వినిపిస్తోంది.

"నువ్వూ రా అప్పా. వించీ రైల్లో పోదాం, తాడే పైకి లాగుతాది, ఎక్కే పని లే."

"చేతులంతా పెట్రోలు వాసనమ్మా. మీరు పోయి రాండి. వీలైతే రాసాత్తి పేరు కూడా ఒగ మాట చెప్పండి."

ఆవిడ అతని ముఖం చూసింది. "ముందర కాళ్లు చాపుకోను తావు లే. వెనక సీట్లో పడుకో."

"వద్దులేమ్మా."

"పడుకో అంటాను కదా," అని తలుపు తెరిచి పట్టుకుంది. ఆమె కదిలేలా లేదు.

ఈ సీటు స్ప్రింగులు మార్చింది అతనే. గుడ్డ కుట్టించి బిగించింది అతనే. చేత్తో నొక్కి మెత్తగా ఉందో లేదో చూశాడే గాని, ఎన్నడూ అందులో కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. ఆవిడ వెళ్లాక, అద్దానికి కట్టిన గుడ్డ విప్పి, వెచ్చటి బానెట్టు మీద పరిచాడు. గాలికి ఎగరకుండా స్క్రూడ్రైవరు దాని మీద అడ్డంగా పెట్టాడు. సీటుకు మరక అంటకుండా తలగుడ్డ పరిచి, చెప్పులు బయట విడిచి, ఒక పక్కగా ఒదిగాడు.

సీటు బాగుంది. తన పనే. వేపాకుల నీడ కప్పు మీద కదులుతోంది. కళ్లు మూసుకుంటే బండి మళ్లీ నడుస్తున్నట్టుంది. పక్కన రాసాత్తి కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది, తలలో మల్లెలు. కిటికీలోంచి తెల్లటి రెక్కలు తిరగడం నోరు తెరుచుకుని చూస్తోంది. "కల్వర్టు వస్తాది చూడు," అంది. కల్వర్టు వచ్చింది. బండి ఆగలేదు, తిరగలేదు, దాని మీదుగా మెల్లగా దాటిపోయింది. ఇంజను చప్పుడులో వెతికినా తప్పు లేదు. రొమ్ములోని చెయ్యి కూడా వదిలేసింది.

చెల్లమ్మాళ్ పంచామృతం డబ్బా పట్టుకుని దిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రాసాత్తి పేరూ, అతని పేరూ చెప్పానని చెబుదామని తొందరగా వచ్చింది. కిటికీలోంచి చూసింది. అయ్యసామి మోకాళ్లు ముడుచుకుని, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పాపం అలసిపోయాడు, లేపడమెందుకు అనుకుంది. జన్మలో మొదటిసారి ముందు సీటులో కూర్చుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసుకుంది. వెనకనుంచి గురక కోసం, దగ్గు కోసం ఊరికే చెవి పెట్టింది.

కొండ మెట్ల వెంట దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి, "అయ్యసామీ," అని పిలిచింది. చెయ్యి చాపి పాదం తాకింది. తాకిన చెయ్యి అక్కడే ఉంచి, ఆ చల్లదనం తెలిసిపోయాక కూడా, చాలాసేపు తియ్యలేదు. "నేను ముద్ద పెట్టకనే పోయినావే అప్పా," అంది. ఒళ్లో డబ్బా మూత ఇంకా తియ్యలేదు.

బయట గాలి పెరిగింది. బానెట్టు మీద పసుపు గుడ్డ పూర్తిగా ఆరిపోయి, ఎగరడానికి ఒక కొస లేపుతోంది. చెవి తగిలి తగిలి నున్నబడిన ఆ కొయ్య పిడి దాన్ని అదిమి పట్టుకునే ఉంది.